ఆయాసానికి చేతులూ ఒక దారే

సంపాదకులకు నమస్కారం.

మా మేనల్లుడు పన్నెండేళ్లుగా గాజువాక వైపు ఒక కార్ల షెడ్డులో పెయింటరు. సాయంత్రం పని ముగిశాక మోచేతుల దాకా అంటిన రంగును, పాత డబ్బాలో పోసుకున్న థిన్నర్‌తో రుద్ది కడుక్కోవడం అక్కడ అందరికీ అలవాటు. మొదట వేళ్ల సందుల్లో దురద, పగుళ్లు వచ్చాయి. మరో రెండేళ్లకు రాత్రిపూట దగ్గు, పిల్లికూతలు మొదలయ్యాయి. పండగ సెలవుల్లో తగ్గేవి, పనిలోకి దిగితే తిరగబెట్టేవి. చూపించుకున్నచోటల్లా సముద్రపు తేమ, దుమ్ము అన్నారు గానీ, చేసే పనేమిటని అడిగింది మూడో డాక్టరు ఒక్కరే.

కార్ల రంగుల్లో, వాటిపై పూసే పారదర్శక పొర క్లియర్ కోటులో, గట్టిపడేందుకు కలిపే హార్డ్‌నర్‌లో చాలావరకు ఐసోసైనేట్లనే రసాయనాలుంటాయి. వాటిని పీలిస్తే ఉబ్బసం రావచ్చని దశాబ్దాలుగా తెలిసిందే. దానికి బీజం చర్మం మీద కూడా పడవచ్చన్నదే అంతగా ప్రచారంలోకి రాలేదు. ఎలుకల చర్మానికి ఈ రసాయనం పూసి, కొన్నాళ్లకు అదే రసాయనాన్ని పీల్పిస్తే వాటి శ్వాసనాళాల్లో ఉబ్బసపు తరహా వాపు వచ్చినట్టు ప్రయోగాల్లో తేలింది. చర్మంలోకి దిగిన రసాయనం ఒంటి ప్రోటీన్లకు అతుక్కుంటే రోగనిరోధక వ్యవస్థ దాన్ని పరాయిదిగా గుర్తుపెట్టుకుంటుంది, ఆపైన గాలిలో కాస్త తగిలినా ఊపిరితిత్తులు తిరగబడతాయి. మనుషుల్లో చర్మం వాటా ఇంతని విడదీసి చెప్పడం కష్టమే, ఎందుకంటే పెయింటరు చేతికి అంటేదీ ముక్కులోకి పోయేదీ ఒకే పూట జరుగుతాయి. అయినా థిన్నర్ చర్మం మీది జిడ్డు పొరను కరిగించేస్తుంది కాబట్టి, రంగు కంటే ఆ కడుగుడే నన్ను ఎక్కువ భయపెడుతోంది.

2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ప్లాస్టిక్ ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి ప్రాణాలు తీసినప్పటి నుంచి, ఈ ఊళ్లో రసాయనమంటే అందరి చూపూ గాలి వైపే. అది సహజం. షెడ్డులో ముక్కుకు కర్చీఫ్ కట్టుకున్న కుర్రాడు (అది ఆవిరిని ఆపదు, ఆ సంగతి వేరు) హార్డ్‌నర్‌ను మాత్రం ఒట్టి చేతులతోనే కలుపుతాడు.

2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో, అంటే ప్రభుత్వానికి తప్పక తెలపాల్సిన వృత్తివ్యాధుల జాబితాలో, రసాయనాలు, రంగులు తగిలి వచ్చే చర్మవ్యాధీ ఉండేది, ఐసోసైనేట్ల విషప్రభావమూ ఉండేది. కానీ నలుగురు పనిచేసే షెడ్డు ఫ్యాక్టరీ లెక్కలోకే రాదు. ఐరోపా సమాఖ్యలోనైతే 0.1 శాతానికి మించి డైఐసోసైనేట్లు (ఐసోసైనేట్లలోనే ఒక రకం) ఉన్న సరుకుతో పనిచేసేవారికి 2023 ఆగస్టు 24 నుంచి శిక్షణ తప్పనిసరి. మనం అంత దూరం పోకపోయినా, డబ్బా మీద తెలుగులో హెచ్చరిక, కలిపే చేతులకు నైట్రైల్ రబ్బరు గ్లౌజులు, కడుక్కోవడానికి థిన్నర్ బదులు సబ్బు, నీళ్లు అడగడం అత్యాశ కాదు. కార్మిక శాఖ చిన్న షెడ్ల వైపు కూడా ఒక్కసారి రావాలి. ఆయాసంతో వచ్చినవారిని ఏం పని చేస్తారు, చేతులకు ఏం అంటుతుంది, సెలవు రోజు తగ్గుతుందా అని ప్రభుత్వ ఆసుపత్రుల ఓపీలో తప్పక అడిగేలా వైద్యారోగ్య శాఖ ఆదేశాలివ్వాలి.

మా మేనల్లుడు పెయింటు మానేసి టింకరింగులోకి మారాడు. షెడ్డు అదే కావడంతో, పక్కన స్ప్రే గన్ చప్పుడు వినబడగానే చేతిలో సుత్తి వదిలేసి రోడ్డు మీదికి వచ్చి నిలబడుతున్నాడు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కంచరపాలెం, విశాఖపట్నం