ఉద్దానం అప్పుల పద్దు ఎవరు చదువుతారు? ఉన్నతాధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి,

సామాజిక శాస్త్రాల పరిశోధనకు నిధులు కోరుతూ ఇచ్చిన మూడు వినతిపత్రాలకూ జవాబు రానందున, జిల్లా ప్రజల ఎదుట ఈ లేఖ రాస్తున్నాను.

మన శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బుకు కారణాలు వెతికే వైద్య పరీక్షలు అవసరమే. అయితే డయాలసిస్‌కు వెళ్లే మనిషి పోగొట్టుకున్న కూలి, చేసిన అప్పు, బడి మానిన పిల్ల చదువు లెక్కకు రావాలంటే అర్థశాస్త్రం, సమాజశాస్త్రం, జనాభా అధ్యయనం కలిసి ఆ గడపలోకి వెళ్లాలి. కవిటి మండలంలో ఒక తల్లి మందుల చీటీల వెనుక పెన్సిలుతో రాసుకున్న అప్పుల పద్దు చూపించి, "ఇది ఎవరూ అడగలేదు బాబూ" అన్నారు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు. జనం మధ్యకు వెళ్లి తెలుసుకోవడం మనకు కొత్త కాదు: ఈ గడ్డపై పుట్టిన భాషావేత్త గిడుగు రామమూర్తి గారు సవర గిరిజనుల మధ్య తిరిగి, వారి భాష నేర్చుకున్నాకే దాని గురించి రాశారు.

ఈ ఆర్థిక సంవత్సరంలోనే గ్రామస్థాయి అధ్యయనాలకు నిధులు మంజూరు చేయాలని, ఫలితాలను తెలుగులో ఆ గ్రామాలకే అందించాలని, 30 రోజుల్లో లిఖితపూర్వకంగా జవాబివ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పరిశోధక విద్యార్థి,
శ్రీకాకుళం