స్టేజీ ఎక్కబోతున్న అమ్ములుకి

అమ్ములూ,

ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. టాలెంట్ షోలో నీ పేరు కూడా రాసేశారని తెలిసినప్పటి నుంచి టెన్షన్ పడుతున్నావని నీ గొంతులోనే తెలిసిపోయింది. "పాట రాదు, డాన్స్ రాదు, నేనేం చెయ్యను నాన్నా?" అన్నావు. ఫోన్లో హడావిడిగా చెప్తే సగం మర్చిపోతావని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

పాడేటప్పుడు, ఆడేటప్పుడు అందరి కళ్లూ మనిషి మీదే ఉంటాయి. ఏళ్ల తరబడి సాధన చేసినవాళ్లకు అది బాగుంటుంది. నీకు మాత్రం అందరి చూపూ బోర్డు మీదకో, కాగితం మీదకో మళ్లే అంశం కావాలి. అక్కడ జరిగేది ఆసక్తిగా ఉంటే నువ్వు ఎలా నిలబడ్డావో, గొంతు వణికిందో లేదో ఎవరికీ పట్టదు.

నన్నడిగితే నీకు మాయాచదరం, అంటే ఎటు కూడినా ఒకే మొత్తం వచ్చే సంఖ్యల గళ్లు, బాగా నప్పుతుంది. నువ్వు లెక్కలంటే భయపడవు కాబట్టి దీన్ని కాస్త వివరంగా రాస్తాను. పెద్ద చార్టు మీద నిలువుగా నాలుగు, అడ్డంగా నాలుగు, మొత్తం 16 గళ్లు ముందే గీసి పెట్టుకో. స్టేజీ ఎక్కగానే ఎవరినైనా లేపి, 34కీ 60కీ మధ్య ఒక సంఖ్య చెప్పమను. 47 అన్నారనుకో. దాన్ని చార్టు పైన పెద్దగా రాసి, గళ్లు నింపడం మొదలుపెట్టు. చివరికి ఇలా రావాలి:

8, 11, 27, 1
26, 2, 7, 12
3, 29, 9, 6
10, 5, 4, 28

ఏ వరస కూడినా 47. ఏ నిలువు కూడినా 47. మూల నుంచి మూలకు ఏటవాలుగా కూడినా, రెండు వైపులా అంతే. నాలుగు మూలల్లో ఉన్న సంఖ్యలు కూడినా, మధ్యలో ఉన్న నాలుగు కూడినా, చదరాన్ని నాలుగు ముక్కలు చేసి ఏ ముక్క కూడినా 47 వస్తుంది. కావాలంటే ఇప్పుడే కూడి చూడు.

ఇందులో 1 నుంచి 12 దాకా ఉన్న సంఖ్యల చోట్లు ఎప్పటికీ మారవు. నువ్వు బట్టీ పట్టాల్సింది అవొక్కటే. ఒకటి పై వరస చివర, రెండు దాని కింది వరసలో రెండో గడి, మూడు మూడో వరస మొదట్లో... ఇలా వరుస క్రమంలోనే రాసుకుంటూ పో. చెయ్యి ఒక గడి నుంచి ఇంకో గడికి గెంతుతుంటుంది కాబట్టి చూసేవాళ్లకు అంతా చిందరవందరగా కనిపిస్తుంది. పన్నెండూ అయ్యాక ఖాళీగా నాలుగు గళ్లే మిగులుతాయి. వాళ్లిచ్చిన సంఖ్యలోంచి 21 తీసెయ్. 47లోంచి 21 పోతే 26. ఆ 26 రెండో వరస మొదటి గడిలో, 27 పై వరస మూడో గడిలో, 28 కింది వరస చివర, 29 మూడో వరస రెండో గడిలో వెయ్యి. నువ్వు చేసే లెక్కల్లా ఆ ఒక్క తీసివేతే. ఏ వరస చూసినా, ఏ నిలువు చూసినా ఆ నాలుగింటిలో ఒక్కటే ఉంటుంది, మిగతా మూడూ దానికి తక్కువైనంత నింపేస్తాయి. అందుకే ఎవరు ఏ సంఖ్య ఇచ్చినా పని జరుగుతుంది. 34 కంటే తక్కువైతే సంఖ్యలు రెండోసారి వస్తాయి, మరీ పెద్దదైతే ఆ నాలుగూ ఎత్తుగా కనిపించి గుట్టు బయటపడుతుంది. అందుకే ఆ హద్దు పెట్టమన్నాను.

గళ్లు నిండగానే గబగబా చెప్పేసి దిగిపోకు. అసలు మజా అక్కడే ఉంది. ముందు ఒక వరస చూపించి, ఫోన్లలో కూడమను. తర్వాత నిలువు. చప్పట్లు కొడతారు, అయిపోయిందనుకుంటారు. అప్పుడు మూలలు చూపించు. తర్వాత మధ్య నాలుగు. కూడే పని వాళ్లకే వదిలెయ్యి. నువ్వు చెప్తే వినడం వేరు, వాళ్ల నోటితో వాళ్లే "నలభై ఏడు" అనడం వేరు. మొదట్లో ఏదైనా మాట్లాడాలనిపిస్తే, డ్యూరర్ అనే జర్మన్ చిత్రకారుడి సంగతి రెండు ముక్కలు చెప్పు. 1514లో ఆయన చెక్కిన ఒక చిత్రంలో ఇలాంటి చదరమే ఉంది. దాని మొత్తం 34, కింది వరస మధ్యలో 15, 14 పక్కపక్కనే ఉండి ఆ సంవత్సరాన్ని చెప్తాయి.

లెక్కలు వద్దనుకుంటే తలకిందుల బొమ్మ ఉంది. ఒక ముఖాన్ని తలకిందులుగా పెన్సిల్‌తో చార్టు మీద సన్నగా గీసి పెట్టుకో. దూరం నుంచి ఆ గీతలు కనిపించవు. స్టేజీ మీద వాటి మీదుగా లావు బ్రష్‌తో, మంచి మ్యూజిక్‌కి గియ్యి. కళ్లు, నోరు ముందే గీసేస్తే కనిపెట్టేస్తారు. జుట్టు, నీడలతో మొదలుపెట్టి కళ్లు చివర్లో పెట్టు. ఆఖరున చార్టు తిప్పగానే ముఖం కనిపిస్తుంది. అందరికీ తెలిసిన మనిషి ముఖమైతే ఇంకా బాగుంటుంది. ఒక్క మాట కూడా మాట్లాడక్కర్లేదు.

నీ రూమ్మేట్ తోడొస్తానంటే ఇద్దరూ కలిసి చేతుల ఆట ఆడండి. నువ్వు చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడు. తను నీ వెనక దాక్కుని, తన చేతులు నీ చంకల కింద నుంచి ముందుకు పెడుతుంది. పైన ఒక వదులు చొక్కా. పొద్దున్నే రెడీ అవ్వడం గురించి నువ్వు చెప్తుంటే తన చేతులు పళ్లు తోమాలి, తల దువ్వాలి, పౌడర్ రాయాలి. తనకు నీ ముఖం కనిపించదు కాబట్టి దువ్వెన ఎక్కడికో పోతుంది. నువ్వు నవ్వు ఆపుకుని సీరియస్‌గా మాట్లాడుతూ ఉంటే చాలు, హాలంతా నవ్వుతుంది.

జ్ఞాపకశక్తి అంశం కూడా చెయ్యొచ్చు, కానీ దానికి నాలుగు రోజులు ఎక్కువ పడుతుంది. జనం చెప్పిన పది వస్తువుల్ని మనసులో మన ఇంట్లో వరసగా పెట్టుకుంటూ పోవాలి, గేటు దగ్గర ఒకటి, మెట్ల మీద ఒకటి, ఇలా. ప్రాచీన గ్రీకు, రోమన్ వక్తలు తమ ప్రసంగాలు ఈ పద్ధతిలోనే గుర్తుపెట్టుకునేవాళ్లు. ఇంట్లో వెనక్కి నడిచినట్టు ఊహించుకుంటే అదే జాబితా కింది నుంచి పైకి కూడా వచ్చేస్తుంది.

పేకముక్కల మ్యాజిక్ జోలికి, స్టాండప్ కామెడీ జోలికి మాత్రం పోకు. ఈ రెండూ తేలిగ్గా కనిపిస్తాయి కానీ చాలా సాధన కావాలి. పైగా టెన్షన్‌లో వేళ్లు వణకడం ఒంటి సహజం. పేకముక్కలు పట్టుకుంటే ఆ వణుకు అందరికీ కనిపిస్తుంది, లావు మార్కర్‌తో పెద్ద అంకె రాస్తే ఎవరికీ కనిపించదు.

మూడు నిమిషాలకు మించనివ్వకు. మొదటి వాక్యం, ఆఖరి వాక్యం నిద్రలో లేపినా చెప్పేలా ఉండాలి, మధ్యలోవి ఎలా వచ్చినా ఫరవాలేదు. రాసేటప్పుడు నీ వీపు బోర్డుకు అడ్డం రాకుండా పక్కగా నిలబడటం అలవాటు చేసుకో. చేతిలో మార్కర్ ఉంటుంది కాబట్టి మైకుకు స్టాండ్ కావాలని నిర్వాహకులకు ముందు రోజే చెప్పు. రెండో మార్కర్ జేబులో ఉంచుకో.

అమ్మ కూడా కాగితం ముందేసుకుని గళ్లు నింపుతోంది, తనకు అప్పుడే వచ్చేసింది. ఆదివారం వీడియో కాల్ చెయ్యి. అమ్మా నేనూ చెరో సంఖ్య ఇస్తాం, మా ముందు నింపి చూపిద్దువుగాని.

ప్రేమతో,
నాన్న