పెంచుతున్న వాళ్లకూ దరఖాస్తులో ఓ గడి కావాలి

సంపాదకులకు,

నేను జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్ నడుపుతాను. జూన్‌లో బడులు తెరిచే రోజుల్లో మా షాపు దగ్గర ఓ గంట నిలబడితే చాలు, ఎంతమంది అమ్మమ్మలు, తాతయ్యలు, మేనమామలు, పిన్నులు తమ కడుపున పుట్టని పిల్లల్ని పెంచుతున్నారో తెలుస్తుంది. తల్లి పోయి కొందరు, తండ్రి పనికోసం వెళ్లి జాడ లేకుండా పోయి కొందరు, ఇద్దరూ ఉండీ పట్టించుకోక కొందరు. వీళ్లంతా నా కంప్యూటర్ ముందు ఒకేచోట ఆగిపోతారు. దరఖాస్తులో తల్లి ఆధార్, తండ్రి ఆధార్ అని ఎర్ర చుక్క పెట్టిన గడులుంటాయి. అవి నింపకపోతే పేజీ కదలదు.

నేనూ ఆ బాపతే. మా చెల్లెలు చనిపోయాక దాని కూతురు నా దగ్గరే పెరుగుతోంది. ఇప్పుడు మూడో తరగతి. తండ్రి బతికే ఉన్నాడు, ఎక్కడున్నాడో ఎవరికీ తెలీదు. ఫోన్ ఎప్పుడు చేసినా స్విచాఫ్. ఓటీపీలు మాత్రం ఇప్పటికీ ఆ నంబరుకే వెళ్తున్నాయి. ఊరందరికీ దరఖాస్తులు నింపిపెట్టే నేనే ఈ పిల్ల దరఖాస్తు నింపలేకపోతే, చదువురాని ముసలమ్మ సంగతేంటి?

పిల్లని చేర్చబోతే ఒక బడివాళ్లు 'గార్డియన్‌షిప్ ఆర్డర్', అంటే నేనే సంరక్షకురాలినని కోర్టు ఇచ్చే ఉత్తర్వు, తెమ్మన్నారు. పిల్ల పేరున ఖాతా తెరవమంటే బ్యాంకులో మళ్లీ అదే మాట. బ్యాంకు వాళ్లని మరీ తప్పుపట్టను. పదేళ్లు నిండిన పిల్లలు సొంతంగా ఖాతా నడుపుకోవడానికి రిజర్వ్ బ్యాంకు 2014లోనే వీలు కల్పించింది. అంతకంటే చిన్నపిల్లలైతే తల్లో తండ్రో, లేదా చట్టబద్ధమైన సంరక్షకులో కావాలి. వాళ్ల రూలు వాళ్లది. కానీ బడి అలా అడగడానికి వీల్లేదని తర్వాత తెలిసింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం రెండో సెక్షన్‌లోనే ఉంది: పిల్లల్ని తన దగ్గర ఉంచుకుని బాగోగులు చూస్తున్న వ్యక్తి సంరక్షకుడే. కోర్టు నియమించినవాళ్లు కూడా అందులోకి వస్తారు తప్ప వాళ్లు మాత్రమే అని లేదు. అదే చట్టం ప్రకారం పుట్టినతేదీ కాగితం లేదని పిల్లల్ని వెనక్కి పంపకూడదు. ప్రభుత్వ బడికి మారుతుంటే టీసీ ఆలస్యమైందన్న సాకూ చెల్లదు. ఆ పేజీ ప్రింటు తీసి పట్టుకెళ్లాను. హెడ్మాస్టరుగారు చదివి, ఏమీ అనకుండా చేర్చుకున్నారు. షాపులో ప్రింటరు ఉంది కాబట్టి నా పని అయింది. లేనివాళ్ల పని?

2015 బాలల న్యాయ చట్టమూ ఇదే దారి. పిల్లలు నిజంగా ఎవరి సంరక్షణలో ఉన్నారని బాలల సంక్షేమ కమిటీ (ఆదరణ, రక్షణ కావలసిన పిల్లల సంగతి చూసే కమిటీ) భావిస్తే, వాళ్లని సంరక్షకులుగా లెక్కిస్తుంది. బ్రిటిష్ వాళ్ల నాటి 1890 గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం సైతం పిల్లల ఆలనాపాలనా ఎవరి చేతిలో ఉంటే వాళ్లనే గార్డియన్ అంటుంది. మూడు చట్టాలు ఒప్పుకున్నదాన్ని మా ఊరి కౌంటరు ఒప్పుకోదు.

ఇక కోర్టు సంగతి. కోర్టుకి వెళ్లడం తప్పని నేననను. పిల్లల పేరున ఇల్లో పొలమో ఉంటే వెళ్లి తీరాలి. పెంచుతున్నామన్న ఒక్క కారణంతో వాళ్ల ఆస్తిని ముట్టుకోవడానికి వీల్లేదని 1956 హిందూ మైనారిటీ చట్టం చెప్తోంది, మంచిదే, మన చుట్టాల సంగతి మనకి తెలీనిదా! కానీ ఏ ఆస్తీ లేని పిల్లకి ఒక పాస్‌బుక్ కోసం పిటిషన్ వేయాలా? తండ్రికి నోటీసు వెళ్లాలి, మనిషి దొరక్కపోతే పేపర్లో ప్రకటన వేయించాల్సి రావచ్చు, వాయిదాలు, ప్రతి వాయిదాకీ షాపు మూత. వెళ్లక తప్పనివాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆడవాళ్లకీ పిల్లలకీ ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తుంది. ఫోన్ 15100. ఈ మాట నాకు ఏ ఆఫీసులోనూ చెప్పలేదు. జిరాక్స్‌కి వచ్చిన ఓ గుమాస్తా చెప్పాడు.

'దత్తత తీసేసుకో, గొడవ వదిలిపోతుంది' అనేవాళ్లు చాలామంది. ఇప్పుడు బంధువుల పిల్లల దత్తతకి 2022 నిబంధనలున్నాయి, ఉత్తర్వు కలెక్టరే ఇస్తారు. కావలసినవాళ్లు తీసుకోవచ్చు. నాకొద్దు. పిల్లకి తన తల్లెవరో తెలుసు, నన్ను పెద్దమ్మా అని పిలుస్తుంది. కాగితాల బాధ పడలేక మా చెల్లెలి పేరు చెరిపేయాలా?

డబ్బు విషయం. అమ్మానాన్నల్ని పోగొట్టుకుని బంధువుల ఇంట్లో పెరిగే పిల్లలకి స్పాన్సర్‌షిప్, అంటే పెంపకానికి ఆర్థిక సాయం, ఇవ్వొచ్చని బాలల న్యాయ చట్టం 45వ సెక్షన్ చెప్తోంది. కేంద్రం పెట్టిన పిల్లల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద అది నెలకి 4,000 రూపాయలు. మా షాపుకి వచ్చే పది మందిలో ఒకరికైనా ఈ పేరు తెలిస్తే ఆశ్చర్యపోతాను. తెలిసినా ఆదాయ పరిమితి దగ్గర బండి ఆగిపోతుంది. పల్లెలో ఏడాదికి 72,000, పట్నంలో 96,000 దాటకూడదు. అంటే పల్లెలో నెలకి ఆరు వేలు, పట్నంలో ఎనిమిది. చిన్న కొలువు చేసుకునే మేనమామ తన పిల్లలతో పాటు అక్క పిల్లలిద్దర్నీ తెచ్చుకుంటే 'మీకు ఆదాయం ఎక్కువ' అని తిప్పి పంపుతారు. ఇంట్లో తినేవాళ్లు ఎంతమందో లెక్కలోకి తీసుకోకుండా ఈ గీత గీసిందెవరో గానీ, వాళ్లు రెండు రోజులు ఏదైనా ఇల్లు నడిపి చూడాలి.

కోవిడ్ అప్పుడు ఇదే ప్రభుత్వాలు పిల్లల్ని వెతుక్కుంటూ వెళ్లాయి. తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్నవాళ్లకి 2021లో పీఎం కేర్స్ పథకం పెట్టి, ఇరవై మూడేళ్లు వచ్చేసరికి పది లక్షలు అందేలా ఏర్పాటు చేశారు. చాలా మంచి పని. అయితే రోడ్డు ప్రమాదంలోనో కిడ్నీ జబ్బుతోనో తల్లిదండ్రులు పోయిన పిల్లల్ని ఎవరూ వెతకరు. వాళ్లే ఆఫీసుల్ని వెతుక్కోవాలి.

వెతుక్కోకపోవడానికి ఒక భయం కూడా కారణం. 'కమిటీ అంటే పిల్లని హోంలో వేసేస్తారట' అని ముసలివాళ్లు నాతో గుసగుసగా అంటుంటారు. అందుకే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేద్దామంటే చేతులడ్డం పెడతారు. సంస్థల్లో పెట్టడం అన్ని దారులూ మూసుకుపోయాక చివరి మార్గమని బాలల న్యాయ చట్టం మూడో సెక్షన్‌లో రాసుంది. ఆ సంగతి ఊళ్లో ఎవరైనా వాళ్లకి నోటితో చెప్తే కదా! ఆ పిల్లలున్న ఇళ్లు అంగన్‌వాడీ టీచర్లకి ఎలాగూ తెలుసు. ఒక్క మాట వాళ్లచేత చెప్పిస్తే భయం సగం పోతుంది.

అధికారులకి నా విన్నపం పెద్దదేం కాదు. ఫలానా పిల్ల ఫలానా వాళ్ల సంరక్షణలో ఉందని బాలల సంక్షేమ కమిటీ సంతకంతో ఒక్క కాగితం ఇవ్వండి. ఇంటికొచ్చి చూసి, చుట్టుపక్కల విచారించి, బడిలో అడిగి మరీ ఇవ్వండి, ఏడాదికోసారి మళ్లీ చూడండి, మాకేం అభ్యంతరం లేదు. కానీ ఆ కాగితం బడిలో, ఆస్పత్రిలో, బ్యాంకులో, ఆధార్ కేంద్రంలో చెల్లేలా ఉత్తర్వు ఉండాలి. దరఖాస్తుల్లో తల్లి, తండ్రి పక్కన 'పెంచుతున్నవారు' అని మూడో గడి పెట్టి, ఓటీపీ ఆ నంబరుకి పంపండి. సాఫ్ట్‌వేర్ వాళ్లకి అదేమంత పని?

మీ పత్రికనీ ఒకటి అడుగుతాను. ప్రతి జిల్లాలో బాలల పరిరక్షణ విభాగం ఉంటుంది. స్పాన్సర్‌షిప్ దరఖాస్తులు చూసేది వాళ్లే. ఆ ఆఫీసు ఎక్కడుందో, ఏ నంబరుకి ఫోన్ చేయాలో, ఏయే కాగితాలు పట్టుకెళ్లాలో జూన్ మొదటి వారంలో మీ జిల్లా పేజీలో పెద్ద అక్షరాలతో వేయండి. కత్తిరించి మా షాపు గోడకి అంటిస్తాను. జిరాక్స్ కావాలన్నవాళ్లకి డబ్బులు తీసుకోకుండా ఇస్తాను.

ఇట్లు,
ఒక పెద్దమ్మ
(పిల్ల చదువుకుంటోంది కాబట్టి పేరు, ఊరు వేయవద్దని మనవి)