మీకన్నా ముందు ఆ దొంగే ఫోన్ చేశాడు

కస్టమర్ కేర్ విభాగం అధిపతి గారికి,

విషయం: ప్రపంచ కప్ నకిలీ టికెట్లకు మీ కార్డుతో చేసిన చెల్లింపుపై నా ఫిర్యాదును మూడుసార్లు మూసేయడం గురించి

అయ్యా,

ఇది నేను మీకు చేస్తున్న నాలుగో ఫిర్యాదు. ముందు మూడింటికీ ఒకటే జవాబు: "మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు రేటింగ్ ఇవ్వండి." ఏం పరిష్కారమైందో ఒక్కరూ చెప్పలేదు.

జరిగింది క్లుప్తంగా చెబుతాను. 2026 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌కి రెండు టికెట్ల కోసం నెట్‌లో వెతికితే అన్నిటికంటే పైన ఒక ప్రకటన వచ్చింది. లోగో, రంగులు అచ్చం అసలు సైట్‌లాగే ఉన్నాయి, తాళం గుర్తు కూడా ఉంది. పక్కన టైమర్ పరుగెడుతోంది. ఆ కంగారులో ఓటీపీ కొట్టాను. పేమెంట్ ఫెయిల్ అయింది, మళ్లీ కట్టమంది. కట్టాను. మీ దగ్గర్నుంచి రెండు మెసేజ్‌లు వచ్చాయి. రెండింటిలోనూ డబ్బు వెళ్లిన చోట ఏదో ఫర్నిచర్ దుకాణం పేరుంది. గుండె జారిపోయింది. అప్పుడు వెబ్ అడ్రస్ అక్షరం అక్షరం చదివితే ప్రపంచ కప్ నడిపే ఫిఫా పేరు పక్కన ఒక చిన్న గీత, ఆ తర్వాత ఇంకో మాట కనిపించాయి. ఫిఫా టికెట్లు ఫోన్ యాప్‌లోకి వస్తాయట. నాకు వచ్చింది పీడీఎఫ్. చూసుకోకపోవడం నా తప్పే, ఒప్పుకుంటున్నాను.

కానీ రెండో మెసేజ్ వచ్చిన 11 నిమిషాలకే నేను మీకు ఫోన్ చేశాను. ఇక్కడి నుంచి జరిగిందంతా మీ తప్పు.

నలభై నిమిషాలు సంగీతం విన్నాక ఒకాయన లైన్లోకి వచ్చారు. కార్డు బ్లాక్ చేశారు, అంతవరకు సంతోషం. డబ్బు ఆపమంటే "లావాదేవీ ఇంకా పెండింగ్‌లో ఉందండీ, పెండింగ్‌లో ఉన్నదాని మీద ఫిర్యాదు తీసుకోలేం, పూర్తయ్యాక చేయండి" అన్నారు. పెండింగ్‌లో ఉందంటే ఇంకా దొంగ చేతికి పోలేదనే కదా, ఇప్పుడే ఏదో ఒకటి చేయండని బతిమాలాను. రూల్ అది అన్నారు. మూడో రోజు చేస్తే ఇంకొకావిడ, "డబ్బు వెళ్లిపోయింది కదా, ముందే చెప్పాల్సింది" అన్నారు. నా మొదటి కాల్ రికార్డు ఆవిడకి కనబడలేదట! ఆ తర్వాతి మనిషి "ఓటీపీ మీరే ఇచ్చారు, కాబట్టి ఇది మోసం కిందకి రాదు" అన్నారు. ఓటీపీ ఇచ్చినా సరే, అమ్మింది నకిలీదైతే ఛార్జ్‌బ్యాక్ వేయడానికి, అంటే అమ్మినవాడి నుంచి డబ్బు వెనక్కి రప్పించడానికి, వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి కార్డు నెట్‌వర్కుల నిబంధనల్లోనే వీలుంది. ఆ మాట అంటే ఇంకొకరికి కలిపారు. ఆయన చెప్పింది వింటే నాకు ఏడుపొచ్చింది: "మ్యాచ్ రోజు దాకా ఆగండి, స్టేడియంలోకి రానివ్వకపోతే అప్పుడు చూద్దాం." టికెట్ నకిలీదని నేను మొత్తుకుంటుంటే, దాన్ని పట్టుకుని సముద్రం దాటి వెళ్లి గేటు దగ్గర నిలబడమంటారా?

మరొకరు ఇలాంటి మోసం ఇప్పటిదాకా వినలేదన్నారు. 2024 పారిస్ ఒలింపిక్స్ మొదలు కాకముందే టికెట్ల పేరుతో నడుస్తున్న 338 మోసపు సైట్లను ఫ్రాన్స్ పోలీసు దళం జాండార్మరీ గుర్తించింది. కార్డుల వ్యాపారం చేసేవాళ్లు వినలేదంటే ఎలా నమ్మాలి?

సూపర్‌వైజర్ 24 గంటల్లో ఫోన్ చేస్తారన్నారు. చేయలేదు. తొమ్మిదో రోజు ఒకతను చేశాడు. నా పేరు, రెండు చెల్లింపుల మొత్తాలు సరిగ్గా చెప్పాడు, మీ రికవరీ విభాగం అన్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా ఆపకుండా నా గోడు మొత్తం విన్నాడు. చివర్లో నా ఫోన్ స్క్రీన్ తనకి కనబడే యాప్ వేసుకోమన్నాడు. అప్పుడర్థమై కట్ చేశాను. ఆ తొమ్మిది రోజుల్లో నా బాధ చివరిదాకా విన్నది దొంగ ఒక్కడే. ఆ సంగతి మీ చాట్‌లో వెంటనే రాశాను. "ఇంకేమైనా సహాయం కావాలా?" అని వచ్చి చాట్ మూసుకుపోయింది.

14 ఏళ్లుగా మీ కార్డు వాడుతున్నాను. ఒక్క బిల్లూ ఆలస్యం చేయలేదు. మా తమ్ముడికి, ఆఫీసులో ముగ్గురికి దగ్గరుండి ఇప్పించాను. అప్పుడు మీవాళ్లు రోజుకి రెండుసార్లు ఫోన్ చేసేవారు, నాకు బాగా గుర్తుంది. ఇప్పుడు ఆ నలుగురూ నన్ను అడుగుతున్నారు, నీకే ఇలా అయితే మా గతేంటని. వాళ్లకి ఏం చెప్పను?

నా డబ్బు నాకు ఇప్పించే ప్రయత్నం నిజంగా చేయండి, నా మొదటి కాల్ రికార్డింగ్ వెతికి బయటికి తీయండి. ఆ ఫర్నిచర్ దుకాణం పేరు మీద ఇంకా ఎంతమంది కడుతున్నారో కూడా చూడండి. ఆ ఖాతా ఈరోజుకీ తెరిచే ఉంటే ఇంకొకరి ఇల్లు గుల్లవుతుంది.

పది రోజులు చూస్తాను. ఆ తర్వాత వినియోగదారుల ఫోరం మెట్లెక్కుతాను. కాల్ చేసిన తేదీలు, సమయాలు, మీ చాట్ స్క్రీన్‌షాట్లు అన్నీ నా దగ్గర ఉన్నాయి. మేం ఐదుగురం ఒకే రోజు కార్డులు వెనక్కిస్తాం.

ఈ ఉత్తరానికి మళ్లీ రేటింగ్ మెసేజ్ పంపొద్దు. ఒక మనిషితో ఫోన్ చేయించండి. నిజంగా మీ మనిషేనని నేను నమ్మాలి కాబట్టి, ముందుగా యాప్‌లో కబురు పెట్టి, ఆ తర్వాత చేయించండి.

ఇట్లు,
14 ఏళ్లుగా మీ కార్డుదారు