చిన్న బోట్లకి ఈ సీజన్‌లో మాన్యువల్ డౌన్‌రిగ్గర్లే పెడుతున్నాం, కారణాలు ఇవీ

అందరికీ నమస్కారమండి. మిషిగన్‌లోని లడింగ్టన్‌లో మన గాలాల షాపు ఏప్రిల్ నుంచి మళ్ళీ వారం మొత్తం తెరిచి ఉంటుంది. ఈసారి డౌన్‌రిగ్గర్ల (గాలం లైనుని లోతుకి దించే పరికరాల) స్టాకులో పెద్ద మార్పు చేశాం, నోవై నుంచో ట్రాయ్ నుంచో నాలుగు గంటలు డ్రైవ్ చేసుకుని వచ్చాక "అదేంటండి ఎలక్ట్రిక్ ఒక్కటీ లేదా" అని మీరు నిలబడిపోకూడదని ముందే చెప్తున్నా.

14 నుంచి 18 అడుగుల అల్యూమినియం బోటు ఉన్నవాళ్ళకి ఈ ఏడాది చేత్తో తిప్పే మాన్యువల్ డౌన్‌రిగ్గర్లు మాత్రమే షెల్ఫులో ఉంటాయి. ఎలక్ట్రిక్ కావాలంటే ఆర్డర్ మీద తెప్పిస్తా, కానీ ముందు మీ బోటు గురించి నాలుగు ప్రశ్నలు అడుగుతా. ఎలక్ట్రిక్‌లో నాకు మిగిలేది ఎక్కువ, ఆ మాట దాచను. కానీ ఒక ఎలక్ట్రిక్ డబ్బుకి మంచి మాన్యువల్‌లు రెండొస్తాయి, ఇంజన్ స్టార్ట్ చేసే ఒకే ఒక్క బ్యాటరీ ఉన్న బోటులో దాని మీద ఇంకో మోటారు భారం వేయడం నాకు అస్సలు ఇష్టం లేదు. ఒడ్డుకి అయిదారు మైళ్ళ దూరంలో బ్యాటరీ డౌన్ అయితే ఏంటి పరిస్థితి?

కొత్తగా ట్రోలింగ్ (నడిచే బోటు వెనక గాలాలు లాగుతూ చేపలు పట్టడం) మొదలుపెట్టినవాళ్ళ కోసం ఒక్క ముక్క. జూలై వచ్చేసరికి లేక్ మిషిగన్‌లో పైన నీళ్ళు వేడెక్కిపోతాయి, కింగ్ సాల్మన్‌కి 50 డిగ్రీల పైచిలుకు ఫారన్‌హీట్ చల్లదనం కావాలి, కాబట్టి అది 50 అడుగులో 80 అడుగులో కిందకి దిగిపోతుంది. ఉత్తరం గాలి గట్టిగా కొడితే మన ఒడ్డు వైపు చల్లనీళ్ళు పైకొచ్చి లెక్క మొత్తం తారుమారవుతుంది, అది వేరే సంగతి. అంత లోతుకి స్పూన్ (చెంచాలాంటి లోహపు ఎర) వెళ్ళాలంటే బరువు కావాలి, ఆ బరువేమో గాలం లైనుకే కడితే చేప పడ్డాక మీరు లాగేది సీసాన్నే. డౌన్‌రిగ్గర్‌లో సీసం గుండు వేరే తీగ మీద దిగుతుంది, మీ లైను ఆ తీగకున్న క్లిప్పులో పట్టుకుని ఉంటుంది, చేప కొట్టగానే క్లిప్ వదిలేస్తుంది, అక్కణ్ణుంచి మీకూ చేపకీ మధ్య ఏ బరువూ ఉండదు.

ఇప్పుడు అసలు విషయం. షాపులోకి వచ్చిన ప్రతివాళ్ళూ మొదట బ్రాండ్ అడుగుతారు, కానన్ మంచిదా స్కాటీ మంచిదా అని. రెండూ మంచివే, రెండూ ఏళ్ళ తరబడి పనిచేస్తాయి. నేను మాత్రం ముందు బోటు అంచు చూపించమంటా. పది పౌండ్ల గుండు రెండడుగుల బూమ్ (డౌన్‌రిగ్గర్ నుంచి నీళ్ళ మీదకి చాచి ఉండే కడ్డీ) చివర వేలాడుతుంటే అంచు మీద పడేది పది పౌండ్లు కాదండి, అది మెలితిప్పే బలం, దానికి తోడు నీళ్ళ లాగుడు, అల మీద బోటు ఎగిరిపడినప్పుడల్లా పడే కుదుపు. పల్చటి అల్యూమినియం రేకుకి ఊరికే నాలుగు బోల్టులు వేస్తే మొదట రేకు వంగుతుంది, తర్వాత బోల్టు చుట్టూ పగులు మొదలవుతుంది. కింద వైపు మందపాటి అల్యూమినియం ప్లేటో మెరైన్ ప్లైవుడ్డో పెట్టి, స్టెయిన్‌లెస్ బోల్టులు దాంట్లోంచి బిగించాలి. కింద ప్లేటు పెట్టడానికి చోటు లేని బోటుకి మేం రంధ్రాలు వేయం, ఎంత బతిమాలినా వేయం. అలాంటివాళ్ళకి క్లాంప్‌తో బిగించే చిన్న మోడల్ ఉంది, తేలిక గుండుకి అది చాలు, కంపెనీ ఇచ్చిన బరువు లిమిట్ మాత్రం దాటకండి, దానికో సేఫ్టీ తాడు కూడా బోటుకి కట్టుకోండి.

బూమ్ పొడుగు చూసి మోజు పడకండి. నాలుగడుగుల బూమ్ పెద్ద బోట్లకి, అక్కడ లైన్లు దూరం దూరంగా పరచాలి. మీ బోటులో రెండడుగులది పెట్టుకుంటే కూర్చున్నచోటి నుంచే చెయ్యి చాపి క్లిప్ అందుకోవచ్చు. పొడుగుదైతే క్లిప్ కోసం అంచు మీదనుంచి వంగాలి, 16 అడుగుల బోటులో ఇద్దరూ ఒకే మూలకి వెళ్ళి వంగారంటే ఏమవుతుందో మీకు తెలుసు. లైఫ్ జాకెట్ వేసుకునే ఉండండి, సీటు కింద పెట్టుకుంటే లాభం లేదు, ఈ లేక్ నీళ్ళు మే నెలలో కూడా ప్రాణం తీసేంత చల్లగా ఉంటాయి.

హ్యాండిల్ తిప్పడం గురించి అందరికీ భయం. లెక్క చెప్తా. కొన్ని మోడళ్ళు ఒక చుట్టుకి ఒక అడుగు లాగుతాయి, కొన్ని రెండడుగులు. 80 అడుగుల నుంచి గుండు పైకి తేవాలంటే మొదటి రకంలో 80 చుట్లు, రెండోదాంట్లో 40, కానీ ఆ ఒక్కో చుట్టూ బరువుగా ఉంటుంది. భుజం బాగున్నవాళ్ళకి రెండడుగులదే ఇస్తా, ఎందుకంటే చేప పడగానే గుండు త్వరగా పైకి రావాలి, లేకపోతే చేప లైను తీగకి చుట్టుకుంటుంది. భుజం నొప్పి ఉన్నవాళ్ళు, ఆపరేషన్ అయినవాళ్ళు మొహమాటం లేకుండా చెప్పండి, మీకు ఎలక్ట్రిక్ తెప్పిస్తా, దానికి వేరే బ్యాటరీ కూడా పెట్టిస్తా. అలాగే 150 అడుగుల లోతున లేక్ ట్రౌట్ చేప కోసమే తిరిగేవాళ్ళకి కూడా మాన్యువల్ ఇవ్వను, మధ్యాహ్నానికి చేతులు పడిపోతాయి.

క్లచ్ (తీగ చుట్టని పట్టి ఉంచే బ్రేకు లాంటిది) సంగతి మాత్రం షాపులో దగ్గర ఉండి చూపిస్తా, ఎంత తొందరలో ఉన్నా చూసి వెళ్ళండి. గుండు దించేటప్పుడు క్లచ్ కొంచెం కొంచెంగా వదులు చేస్తూ, రెండో చేతి బొటనవేలు గాలం రీలు మీద ఉంచి లైను వదులుతుండాలి, ధడేల్‌మని వదిలేస్తే లైను గజిబిజి అయిపోతుంది. లోతు కుదిరాక క్లచ్‌ని బిగదీసి వదిలేయొద్దు. గుండు అడుగున రాయికో చెట్టు మొద్దుకో తగులుకుంటే క్లచ్ జారి తీగ వదలాలి, అంతే బిగువు ఉండాలి. పూర్తిగా బిగిస్తే బోటు ముందుకెళ్తూ ఉంటుంది, గుండు రాదు, వెనక మూల నీళ్ళలోకి దిగుతుంది. చిన్న బోటులో దీనికంటే పెద్ద ప్రమాదం ఇంకోటి లేదు. అందుకే ఈ ఏడాది నుంచి ప్రతి డౌన్‌రిగ్గర్‌తో పాటు ఒక వైర్ కట్టర్ ఊరికే ఇస్తున్నాం, డబ్బాలో పడేయకుండా చేతికందేచోట వేలాడదీయండి.

తీగ: 150 పౌండ్లు తట్టుకునే స్టెయిన్‌లెస్ స్టీలుదో, అల్లిన దారం లాంటి బ్రెయిడో. స్టీలు చవక, కానీ మెలిక పడితే అక్కడే తెగుతుంది, పోగులు లేచి వేలికి గుచ్చుకుంటాయి, నీళ్ళలో జుమ్మని మోగుతుంది. బ్రెయిడ్‌కి ఆ గోల లేదు, కాకపోతే అంచుకి రాసుకుంటే అరుగుతుంది. నేనైతే బ్రెయిడ్ అంటా. తీగ ఏదైనా సరే, మలుపు తిరిగేటప్పుడు వెడల్పుగా తిరగండి, లోపలి వైపు తీగ ప్రొపెల్లర్ దగ్గరికి వచ్చేస్తుంది.

డౌన్‌రిగ్గర్ మీద వదిలిన తీగ పొడుగు చూపించే కౌంటర్‌లో 100 చూపిస్తే గుండు 100 అడుగుల్లో ఉందనుకోకండి. బోటు నడుస్తుంటే గుండు వెనక్కి ఊగుతుంది. తీగ నిలువు నుంచి 20 డిగ్రీలు వాలితే లోతు 94 అడుగులే, 30 డిగ్రీలైతే సుమారు 87. సాల్మన్ స్పూన్‌లకి గంటకి రెండున్నర మైళ్ళ స్పీడ్ కావాలి కాబట్టి తేలిక గుండు చాలా వెనక్కి పోతుంది. పది అడుగుల లోతుకి ఒక పౌండ్ అని పాత లెక్క ఒకటుంది, మన 80 అడుగులకి ఎనిమిదో పదో సరిపోతుంది. మోడల్ ఆ బరువు మోయగలదా అన్నది మాత్రం ముందు చూసుకోవాలి, లేకపోతే మళ్ళీ క్లాంప్ కథే.

ఇంకో మాట, ఇది మా అమ్మకానికి దెబ్బే అయినా చెప్తా. ఏడాదికి రెండు మూడుసార్లు మాత్రమే లేక్‌కి వచ్చేవాళ్ళు డౌన్‌రిగ్గర్ కొనకండి. డిప్సీ డైవర్ (లైనుకి కట్టి లాగితే దాన్ని కిందకి దించే పలక) ఒకటి, దానికి తగ్గ గట్టి రాడ్ ఒకటి, లేదా లెడ్ కోర్ లైను (లోపల సీసం ఉన్న గాలం లైను) ఒక రీలు తీసుకోండి. లెడ్ కోర్ లైను కొలత తెలియడానికి రంగులు మారుతూ ఉంటుంది, ఒక్కో రంగు పది గజాలు, రంగుకి సుమారు అయిదడుగులు దిగుతుంది, ఆరు రంగులు వదిలితే 30 అడుగులు, జూన్‌లో అది చాలు. బోటుకి రంధ్రం పడదు, డబ్బు మిగులుతుంది. సరదా నిలబడితే వచ్చే ఏడాది రండి. మిషిగన్‌లో మనిషికి మూడు లైన్ల వరకూ వేయొచ్చు, రెండు డిప్సీలూ ఒక లెడ్ కోరూ వేస్తే మీ బోటు నిండినట్టే.

గుండ్ల ధర మళ్ళీ పెరిగింది, మేం కొన్న రేటు పెరిగింది కాబట్టి ఆపలేకపోయాం. వినైల్ పూత ఉన్నవే తెప్పించాం, పూత లేని సీసం చేత్తో పట్టుకుని అదే చేత్తో పులిహోర తినే పని ఇంట్లో పిల్లలున్న ఎవరూ చేయకూడదు.

చేపల పులుసు గురించి కూడా చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తా. ఈ లేక్ చేపల కొవ్వులో పీసీబీలు అనే హానికర రసాయనాలు చేరతాయి, ముసలి పెద్ద లేక్ ట్రౌట్‌లో ఇంకా ఎక్కువ. మనకి తోలుతో, పొట్ట ముక్కతో వండుకోవడం అలవాటు, ఇక్కడ ఆ అలవాటు మానండి. తోలు తీసి, పొట్ట వైపు, వీపు మీద ఉన్న కొవ్వు కోసేసి వండండి. రాష్ట్ర ఆరోగ్య శాఖ ఈట్ సేఫ్ ఫిష్ గైడ్ కాపీలు కౌంటర్ దగ్గర పెడతాం, పిల్లలకీ గర్భిణులకీ పెట్టేముందు ఏ చేప నెలకి ఎన్నిసార్లో దాంట్లో చూసుకోండి.

బిగింపు పని మే నెలలో శని, ఆదివారాలు మాత్రమే చేస్తాం, ముందు రోజు సాయంత్రం లోపు చెప్పాలి. బోటు అంచు పైనుంచి ఒక ఫోటో, కింద నుంచి ఒక ఫోటో, టేపు పెట్టి కొలిచిన వెడల్పు వాట్సాప్ చేయండి. కింద నుంచి తీసిన ఫోటో లేకపోతే ఏ మోడల్ సరిపోతుందో నేను చెప్పలేను, కాబట్టి అది తప్పకుండా పంపండి.