విండ్సర్ కౌంటీ సమాధులు వెతికిపెట్టిన మిత్రులకు

అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో విండ్సర్ కౌంటీ రాజకీయ నాయకుల సమాధుల జాబితా సరిచేసి, పేరు మాత్రం వేయొద్దన్న మిత్రులకు కృతజ్ఞతలు. 1933లో పోయిన అధ్యక్షుడు కాల్విన్ కూలిడ్జ్‌ది ప్లిమత్ నాచ్‌లో మామూలు గ్రానైట్ రాయి. 1924లో పోయిన కొడుకుదీ ఆ వరసలోనే. 1865లో పోయిన సెనేటర్ జేకబ్ కాలమర్‌ది వుడ్‌స్టాక్‌లో, రివర్ స్ట్రీట్ సమాధుల తోట. ఇవి తేలికే. చిక్కంతా అరిగిన పాలరాళ్లతో!

అక్షరాలు కనబడాలని మీరు సుద్ద రుద్దలేదు, వెనిగర్ పోయలేదు. పులుపు తగిలితే పాలరాయి కరిగి, మిగిలిన అక్షరమూ పోతుంది. మంచినీళ్లు, మెత్తటి బ్రష్షు, అంతే. అదీ కింది నుంచి పైకి. పైనుంచి మొదలెడితే మురికి కారి పొడిరాయి మీద చారలు కట్టేస్తుంది. తర్వాత అద్దంతో ఎండను పక్కవాటుగా మళ్లించి ఫొటో తీశారు. అరిగిన రాయి మీద 3కీ 8కీ తేడా తెలిసేది ఆ నీడలోనే.