పదకొండు ఫోన్ల తరువాత రాస్తున్న ఉత్తరం

కస్టమర్ సేవల విభాగం అధిపతి గారికి,

నమస్కారం. మా చిట్టి ఆరేళ్ల స్పిట్జ్ జాతి కుక్క. మే 6న మీ గ్రూమింగ్ కేంద్రంలో స్నానం, దువ్వడం, గోళ్లు తీయడం అని మాత్రమే చీటీలో రాయించాను. బొచ్చు కత్తిరించవద్దని నోటితోనూ చెప్పాను. రెండు గంటల తరువాత గుండుతో బయటికి వచ్చింది. పొట్ట మీద క్లిప్పర్ వేడికి కమిలిన చారలు, ముందుకాలి గోటికి నెత్తుటితో తడిసిన టిష్యూ కాగితం. "ఎండాకాలం కదా మేడమ్, చల్లగా ఉంటుంది" అన్నాడు మీ కుర్రవాడు.

అతనికి ఎవరూ నేర్పలేదని అర్థమైంది. స్పిట్జ్‌కు రెండు పొరల బొచ్చు. పైపొర ఎండను చర్మానికి తగలనివ్వదు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, వగర్చి వేడి తగ్గించుకుంటుంది. లోపల రాలే మెత్తని బొచ్చును దువ్వి తీస్తే చాలు. గుండు గీస్తే కొన్నింటికి మళ్లీ సరిగ్గా రాదు కూడా. నల్లగోటిలో నెత్తురునాళం కనబడదు కాబట్టి కొద్దికొద్దిగా తీయాలి. ఇవి మీకు నేను చెప్పాలా?

అయినా ఆ సాయంత్రం ఒక్కరు క్షమించమని అడిగి ఉంటే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు.

ఆ రాత్రే ఫోను చేశాను. పన్నెండు నిమిషాలు సంగీతం వినిపించాక ఎత్తిన అమ్మాయి, నా మాట పూర్తి కాకముందే "48 గంటల్లో మావాళ్లు మాట్లాడతారు" అని పెట్టేసింది. ఎవరూ మాట్లాడలేదు. మూడోరోజు నేనే చేస్తే, మీ దగ్గర రాసి ఉన్నది "హెయిర్‌కట్ నచ్చలేదు" అని! నెత్తురు మాటే లేదు. మళ్లీ మొదటినుంచి చెప్పాను. ఫొటోలు పంపమన్నారు. తొమ్మిది పంపితే మీ ఈమెయిల్ పెట్టె నిండిపోయిందని తిరిగొచ్చాయి. వాట్సాప్‌లో పెడితే "సేవల వివరాలకు 1 నొక్కండి" అని జవాబు. కేంద్రానికి వెళితే ప్రధాన కార్యాలయాన్ని అడగమన్నారు. ప్రధాన కార్యాలయం వారు, ఆ కేంద్రం ఫ్రాంచైజీ, తమకు సంబంధం లేదన్నారు. బోర్డు మీద పేరు ఎవరిది? డబ్బు తీసుకున్న రసీదు మీద పేరు ఎవరిది?

ఇంకొకాయన పశువైద్యుడి చీటీ అడిగాడు. పంపాను. "ఇందులో మా కేంద్రం పేరు లేదు కదా" అన్నాడు. వైద్యుడు గాయం పేరు రాస్తాడు గాని, చేసినవాళ్ల పేరు రాస్తాడా?

పన్నెండో రోజు రాత్రి చిట్టికి మందు రాస్తుండగా మీ సందేశం వచ్చింది. "మీ ఫిర్యాదు పరిష్కారమైంది. మాకు ఐదు నక్షత్రాలు ఇవ్వండి." దాని కిందనే తరువాతి హెయిర్‌కట్‌కు తగ్గింపు కూపను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నాలుగేళ్లుగా ప్రతి ఆరు వారాలకూ మీ దగ్గరికే వచ్చాను. మా అపార్ట్‌మెంట్‌లో ఐదు కుక్కలను నేనే పంపాను. సంక్రాంతికి మీ సిబ్బందికి అరిసెలు తెచ్చాను. ఇప్పుడు అదే అపార్ట్‌మెంట్‌లో అందరికీ చెబుతున్నాను: గాజు గోడలోంచి లోపల జరిగేది కనబడని చోట కుక్కను వదలవద్దని, కత్తెర పట్టేవారికి రెండు పొరల బొచ్చు సంగతి తెలుసో లేదో, గోరు తెగితే నెత్తురు ఆపే పొడి దగ్గరుందో లేదో ముందే అడగమని. బయట కూర్చోమంటే కూర్చున్నాను, అడగలేదు. అది నన్ను ఇంకా బాధిస్తోంది.

వైద్యానికైన 2,400 రూపాయలు ఇవ్వవలసిందే. అయితే నాకు ముందు కావలసింది, ఆ రోజు ఏం జరిగిందో తెలిసిన మనిషి నాతో మాట్లాడటం. ఏడు రోజుల్లో అది జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేస్తాను, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళతాను. లాయరు అవసరం లేదు, నా కేసు నేనే చెప్పుకుంటాను. తొమ్మిది ఫొటోలూ, పదకొండు ఫోన్ల తేదీలూ నా దగ్గర ఉన్నాయి.

సాయంత్రం నాలుగు తరువాత ఫోను చేయండి. దయచేసి ఈసారి ఫిర్యాదు నంబరు అడగవద్దు. చిట్టి ఎలా ఉందో అడగండి.

ఇట్లు,
చిట్టి యజమానురాలు,
హైదరాబాద్